కొసరు మేత

మీరా హుస్సేన్ తన గుర్రాన్ని పేరయ్య ఇంట్లో అప్పగించి వెళ్ళడానికి గంటన్నర పట్టింది. కట్టేయడానికి అయిదు నిమిషాలు. మిగిలిందంతా మేత గురించే.

"రేపు గుంటూరులో కన్ను ఆపరేషనన్నా. వారం రోజులు వంగొద్దు, దుమ్ములోకి పోవద్దన్నాడు డాక్టరు. వచ్చే సోమవారం మళ్ళీ చూసి సరే అంటే అటునుంచి అటే మీ ఇంటికొస్తా. ఆ బుధవారం నరసరావుపేటలో పెళ్ళి ఒప్పుకున్నా. దీన్ని అప్పటిదాకా నిలబెట్టి ఉంచితే చాలు."

పెళ్ళికొడుకులను మోసే తెల్ల గుర్రం అది. పేరు నూరీ. పేరయ్య భార్య వెంకటేశ్వరమ్మ ఆ పేరు ఒకసారి విని, నూరమ్మ అని సరిచేసింది.

"నిలబెట్టడమేంట్రా," అన్నాడు పేరయ్య. బండలాగుడు పోటీలకి ఎడ్లను మేపిన మనిషి. "నా కొట్టంలో వారం ఉన్న జీవం పోతూపోతూ గుమ్మం పట్టకూడదు. ఇంతకీ ఎంత తింటది?"

మీరా హుస్సేన్ సంచిలోంచి సొట్టలు పడ్డ రేకు డబ్బా తీశాడు. "పొద్దున ఇది ఒకటి, సాయంత్రం ఒకటి. ఉలవలూ శనగలూ కలిపి నానబెట్టినవి. మిగతా అంతా గడ్డి. అది ఎంత పెట్టినా పర్లేదు."

పేరయ్య డబ్బాలోకి చూశాడు. అడుగున ఇంకేమన్నా ఉందేమోనని వేలు పెట్టి కూడా చూశాడు.

"ఇదేంట్రా, మా కోడికి చాలదు."

"చాలకపోయినా చస్తే చావదు, ఎక్కువైతేనే చస్తది," అన్నాడు మీరా హుస్సేన్. దీనికి ముందున్న గుర్రం సంగతి చెప్పాడు. పెళ్ళినుంచి వచ్చి అలసిపోయి శనగల బస్తాని కొట్టంలోనే గోడకి ఆనించి పడుకున్నాడు. ఆ గుర్రం కట్టు తెంపుకుని, పళ్ళతో గోతం చింపి, తిన్నంత తిన్నది. తెల్లారి చూసేసరికి... అక్కడ ఆగి, గట్టు మీద ఉన్న తన మేత బస్తాని చూశాడు. అది గుర్రానికి రెండడుగుల దూరంలో ఉంది. లేచి దాన్ని పది అడుగులు జరిపి కూర్చున్నాడు. బస్తాతో పాటు బిగింపు మూత ఉన్న ఇనప పీపా ఒకటి, తాళంకప్ప ఒకటి కూడా తెచ్చుకున్నాడు.

అందరూ గుర్రం ఎంత తినగలదో అడుగుతున్నారు. పేరయ్య కోడలు మాధురి మాత్రం, "ఎక్కువ తింటే ఎంతసేపట్లో తెలుస్తుంది బాబాయ్? ఏం చూడాలి?" అని అడిగింది.

మీరా హుస్సేన్ ఉన్న ఒక్క మంచి కన్నుతో ఆమెను చూశాడు. "ముందుకాలితో నేల గీకుతది. తిరిగి తిరిగి డొక్క వంక చూసుకుంటది. పడి పొర్లుతది. పొర్లనివ్వకుండా నడిపించాలి తల్లీ." అని, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. "డబ్బాకి మించి పడదని నాకు మాటివ్వు."

మాధురి మాటిచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో ప్రతి తాళంచెవీ తన నడుముకే ఉన్న వెంకటేశ్వరమ్మ, ఆ చెవి ఎటునుంచి ఎటు వెళ్ళిందో కళ్ళతో సాగనంపింది.

పీపా ఎక్కడ పెట్టాలన్న దాని మీద మర్నాడు చర్చ జరిగింది. గుర్రం పక్కనే పెడితే అటూ ఇటూ తిరిగే పని తగ్గుతుందని పేరయ్య. మాధురి మాత్రం కొట్టాన్ని ఆనుకుని ఉన్న చిన్నగది ఖాళీ చెయ్యడం మొదలుపెట్టింది. పురుగుమందు డబ్బాలన్నీ దొడ్లో షెడ్డులోకి చేరవేసింది. డ్రిప్పు పైపులు బయటికి లాగింది. నేల కడిగి, ఆరాక రెండు ఇటుకలు వేసి వాటి మీద పీపా నిలబెట్టింది. మేత అందులో పోసి మూత బిగించి, తలుపుకి గడియ వేసి, చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళింది.

వచ్చేసరికి గుర్రం కట్టుకొయ్య దగ్గర లేదు. పలుపు ముడి నోటితో విప్పుకుంది. గడియ పెదవులతో ఎత్తింది. గదిలోకి వెళ్ళి, పీపా మూత మీద గడ్డం ఆనించి, ఇంకా తెరవని రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు ఓపిగ్గా నిలబడి ఉంది. ఇనప బిగింపు ఒక్కటే దానికి లొంగలేదు.

మాధురి గుర్రాన్ని వెనక్కి నడిపించి, గడియకి మీరా హుస్సేన్ తాళం వేసింది. గుర్రం వచ్చి తాళాన్ని మూడుసార్లు ఎత్తి చూసి, నాలుగోసారి వదిలేసి, గడ్డి దగ్గరికి పోయింది.

గుర్రం నుంచి మేతను కాపాడటం అరపూట పని. మనుషుల నుంచి కాపాడవలసి ఉంటుందని అప్పటికి ఆమెకు తోచలేదు.

వెంకటేశ్వరమ్మ వడ్డన సంగతి చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకి తెలుసు. ఆవిడ బంతిలో గరిటె పట్టుకుని తిరుగుతుంటే విస్తరి మడవడానికి ధైర్యం కావాలి. చాలు అంటే ఒక గరిటె, నిజంగా చాలు అంటే రెండు, చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందులోంచి నెయ్యి. ఇద్దరు అల్లుళ్ళూ ఈ ఇంటికి వచ్చే ముందురోజు ఒంటిపూట ఉంటారని వాళ్ళ ఇళ్ళలో చెప్పుకుంటారు. అలాంటి మనిషి ముందు నూరమ్మ తన డబ్బాడు మేతని పది నిమిషాల్లో ముగించి, తొట్టి అడుగు నాకి, తల ఎత్తి చూసింది. వద్దు అనలేదు. చాలు అనలేదు. చాలు అనని అతిథిని ఆవిడ జన్మలో మొదటిసారి చూస్తోంది.

"దాని చూపు చూడవే అమ్మాయ్," అంది.

"చూస్తున్నానత్తయ్యా. వచ్చినప్పట్నుంచీ అలాగే చూస్తోంది. దాని మొహమే అంత."

"ఇంకొక్క దోసెడు."

"వద్దత్తయ్యా. బాబాయ్‌కి మాటిచ్చాను."

దోసెడు అడిగితే కోడలు కాదన్నదన్న మాట వెంకటేశ్వరమ్మ ఎవరితోనూ చెప్పలేదు. ఎదురింటి కోటిరత్నంతో మాత్రం చెప్పింది. బుధవారం పొద్దున్నే కోటిరత్నం గేటు పట్టుకుని నిలబడింది.

"ఏం వదినా, ఊరిగాని ఊరి నుంచి వచ్చిన నోరులేని జీవానికి డబ్బాతో కొలిచి పెడుతున్నారంట?"

"మాదేముంది వదినా. తాళం మా చేతిలో లేదు."

"అయ్యో! మీ చేతిలో లేకపోవడమేంటి!"

గొంతు పెరటిదాకా వినబడాలని ఇద్దరికీ తెలుసు. పెరట్లో నానిన ఉలవలు వడగడుతున్న మాధురికి స్పష్టంగా వినబడింది. మధ్యాహ్నానికి వీధి మొత్తానికి, సాయంత్రానికి మిరపకాయలు కోసే కూలీలకి కూడా తెలిసింది. పేరయ్య గారి కోడలు బీయస్సీ చదివి గుర్రానికి అన్నం పెట్టట్లేదట.

పేరయ్య నేరుగా కొడుకునే అడిగాడు. "ఒరేయ్ కిట్టా, నా ఎడ్లు రోజుకి కుంచెడు ఉలవలు తినేవి. పైన పన్నెండు కోడిగుడ్లు, ఖర్జూరం. రేపు హుస్సేనుగాడొచ్చి గుర్రం డొక్కలెండినయ్యేంటంటే నేను మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

శ్రీకృష్ణకి చిలకలూరిపేటలో విత్తనాల కొట్టుంది. తండ్రి మాట పూర్తిగా విని, నిజమే అన్నాడు. మాధురి మాట పూర్తిగా విని, అదీ నిజమే అన్నాడు. తర్వాత బండి స్టార్ట్ చేసి పేటకి వెళ్ళిపోయాడు. పదేళ్ళ కాపురంలో అతను ఎవరితోనూ పోట్లాడలేదు. కొట్టు ఉన్నది అందుకే.

గురువారం కల్లంలో పని. ఎండిన మిరపకాయని కూలీలు పోగులు చేస్తుంటే, మాధురి ముక్కుకి పైట చుట్టుకుని తాలుకాయలు ఏరే ఆడవాళ్ళ మధ్య కూర్చోవాలి. తెల్లబడ్డ కాయ ఒక్కటి ఎర్రకాయలో పడినా కొనేవాడు దాన్నే ముందు చూస్తాడు. బయల్దేరుతుంటే వెంకటేశ్వరమ్మ చెయ్యి చాచింది.

"తాళంచెవి ఇచ్చిపో. సాయంత్రం నీకు ఆలస్యమైతే నూరమ్మ పస్తుండాలా?"

కాదనడానికి మాధురికి కారణం కనబడలేదు. కనబడినా అత్తగారు చాచిన చేతిని ఖాళీగా ఉంచడం ఆ ఇంట్లో జరిగే పని కాదు. "ఒక్క డబ్బా అత్తయ్యా. అయిదింటికి," అని చెవి ఇచ్చింది. ఇచ్చాక కల్లంలో కూర్చుందే గాని, చేతిలోకి వచ్చిన ప్రతి కాయా తాలుగానే కనబడింది. మూడింటికల్లా తలనొప్పని చెప్పి ఇంటికి వచ్చేసింది.

గుర్రం ముందుకాలితో నేల గీకుతోంది. మెడ తిప్పి డొక్క వంక చూసుకుంది. మళ్ళీ గీకింది. మెడ కింద చెమట నురగలా పట్టి ఉంది. తొట్టి అంచున ఉలవలు, గోధుమలు, కరిగిన బెల్లం.

"అత్తయ్యా, ఎంత పెట్టారు?"

"ఎంతో ఎక్కడే. బక్కెట."

"ఒక్కటేనా?"

వెంకటేశ్వరమ్మ గోడవైపు చూసింది. "రెండోది నిండా లేదు."

గుర్రం ముందు మోకాళ్ళు వంచింది. మాధురి పరుగెత్తి తలపగ్గం పట్టుకుని లాగింది. "లే నూరీ! లే తల్లీ, లే!" అని అరుస్తూ మెడ మీద చరిచింది. అది లేచింది. లాక్కుంటూ బయటికి తీసుకొచ్చి, కొంగు దోపి, వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించడం మొదలుపెట్టింది. ఒక చేత్తో పగ్గం, ఇంకో చేత్తో ఫోను.

పశువుల డాక్టరు అమూల్య అరగంటలో స్కూటీ మీద వచ్చింది. పాతికేళ్ళకి మించి ఉండవు. "గుర్రాన్ని పుస్తకంలో చాలాసార్లు చూశాను. చేతికి రావడం ఇది మూడోదండి," అని నిజం చెప్పేసి, డొక్కకి స్టెతస్కోపు ఆనించింది. చాలాసేపు విన్నది. ఇంజక్షన్ చేసింది. ముక్కులోంచి పొడుగాటి గొట్టం దింపి, వాసన చూసి, నూనెమందు పోసింది. వీధి సగం చుట్టూ మూగింది.

"అమ్మాయ్, ఎద్దయితే ఈపాటికి నెమరేసుకునేది," అన్నాడు పేరయ్య.

"గుర్రం నెమరెయ్యదండీ. వాంతి కూడా చేసుకోలేదు. లోపలికెళ్ళింది అటువైపుగా రావాల్సిందే. దాని పొట్ట మనం అనుకున్నంత పెద్దది కాదు. రాకపోతే పేగు మెలిపడుతుంది. తట్టుకున్నా, ఆ వేడి గిట్టల్లోకి దిగితే జన్మలో నడవదు."

పేరయ్య గుర్రానికి దారి వదిలి పక్కకి జరిగాడు.

మాధురి నడిపిస్తూనే ఉంది. గుర్రం ఆగితే ఆగింది, పడబోతే లాగింది, డాక్టరు చెప్పినప్పుడు నిలిపింది, మళ్ళీ నడిచింది. చెప్పు తెగితే రెండోదీ విడిచేసింది. పొద్దువాలేవేళకి కోటిరత్నం గేటు ఎదురుగా నూరీ తోక ఎత్తింది. డాక్టరు అమూల్య రెండు చేతులూ జోడించి చూసింది. పని పూర్తయ్యాక వీధి వీధంతా ఒక్కసారి చప్పట్లు కొట్టింది. కోటిరత్నం కూడా కొట్టింది. తర్వాత తన గేటు ముందు ఏం పడిందో చూసుకుని ఆపింది.

డాక్టరు కాయితం రాసి ఇచ్చింది. నాలుగు రోజులు ఎండుగడ్డి, నీళ్ళు. గింజ అనేది కంటబడకూడదు. ఎవరూ ఏమీ పెట్టకూడదు. చివరి వాక్యం కింద రెండు గీతలు గీసింది.

మాధురి ఆ కాయితాన్ని కొట్టం స్తంభానికి అంటించి, అరిపాదాలకి పసుపు రాసుకుని పడుకుంది.

పొద్దున్నే అరుగు మీద పేరయ్య ఎవరికో చెబుతున్న మాటలతో మెలకువ వచ్చింది. "మూడు రోజులు కడుపు మాడ్చి ఉంచితే, నాలుగో రోజు నాలుగు గింజలు తిన్నా తట్టుకోలేకపోయింది పాపం."

మాధురి లేచి కూర్చుని పాదాలకేసి చూసుకుంది. ఎడమకాలి బొటనవేలు కింద బొబ్బ చితికి ఉంది. పక్కన శ్రీకృష్ణ కళ్ళు మూసుకునే, "నాన్న మాటలు పట్టించుకోకు," అన్నాడు. "మీరు పట్టించుకోవచ్చుగా," అంది. అతను నిద్రపోయాడు. కొట్టు తెరిచే వేళ ఇంకా కాలేదు మరి.

జబ్బు చేసిన మనిషిని ఆ వీధిలో ఎవరూ ఖాళీ చేతులతో చూడబోరు. జబ్బు చేసిన గుర్రానికి కూడా అదే మర్యాద దక్కింది. ఎనిమిదింటికి ఒకావిడ బత్తాయిలు తెచ్చింది. ఇంకొకావిడ రొట్టె ప్యాకెట్టు. పెన్షనర్ మాస్టారు ఒకాయన గ్లూకోజు పొడి తెచ్చి, ఎన్ని చెంచాలు కలపాలో పేరయ్యతో చర్చించాడు. వచ్చిన ప్రతివాళ్ళూ స్తంభం మీద కాయితం చదివారు. "పాపం, ఎవరూ ఏమీ పెట్టకూడదంట," అని ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకుంటూనే సంచులు విప్పారు. ఎవరూ అంటే మిగతావాళ్ళని వాళ్ళ అర్థం.

మాధురి బత్తాయిలు లాక్కుంది. రొట్టె లాక్కుంది. గ్లూకోజు విషయంలో మాస్టారు నొచ్చుకున్నారు. తొమ్మిదింటికి కోటిరత్నం గిన్నెడు పులగం మీద నెయ్యి వేసి, అరిటాకు కప్పి, తెచ్చింది.

"పిన్నీ, వద్దు. డాక్టరు చెప్పింది."

"డాక్టరుదేముందే, పిల్లకాయ. పులగం చంటిపిల్లలకి కూడా పెడతాం." కోటిరత్నం ముద్ద చేసింది. నూరీ మెడ చాచింది. పై పెదవి ముందుకొచ్చి గాలిలో వెతుకుతోంది.

మాధురికి అరవాలనిపించింది. ఏడవాలని కూడా అనిపించింది. ఈ రెండూ ఈ వీధిలో ఇదివరకు పనిచేసిన దాఖలాలు లేవు. ఆమె స్తంభానికి ఆనుకుని, కాలి బొబ్బ చూసుకుంటూ, నిదానంగా అంది.

"పెట్టండి పిన్నీ. నాకేం పోయింది. మొక్కు తప్పితే ఆయన కన్నేమవుతుందోనని భయం తప్ప."

ముద్ద గాలిలో ఆగింది.

"ఏం మొక్కు?"

"మీకు తెలీదా? హుస్సేన్ బాబాయ్ దర్గాకి మొక్కుకున్నాడుగా. చూపొచ్చి తన గుర్రాన్ని తను కళ్ళారా చూసుకునేదాకా అది గడ్డీ, ఆ డబ్బాడు మేతా తప్ప ఇంకేదీ ముట్టదని. నిన్న ముట్టింది. చూశారుగా ఏమైందో."

కోటిరత్నం ముద్దని గిన్నెలో వేసేసి, ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియక గాలిలోనే ఉంచుకుంది. "ముందే చెప్పొద్దుటే!" అంది. గిన్నె మీద ఆకు కప్పుకుని, గుర్రానికి నమస్కారం పెట్టి, వెళ్ళిపోయింది.

పదకొండింటికల్లా మొక్కు వీధి దాటింది. మధ్యాహ్నం అది కల్లం నుంచి తిరిగి మాధురి దగ్గరికే వచ్చింది, కాస్త పెరిగి. మీరా హుస్సేన్‌కి కలలో తెల్లబట్టల పెద్దాయన కనిపించి చెప్పాడట. సాయంత్రం అరుగు మీద పేరయ్య, "నాతో సోమవారమే అన్నాడు. ఎవరితో చెప్పొద్దన్నాడని ఊరుకున్నా," అన్నాడు. మాధురి మంచినీళ్ళ చెంబు ఆయన పక్కన పెట్టి లోపలికి వచ్చింది. గది తాళంచెవి మంచం మీద దిండు పక్కన కనిపించింది. ఎవరు పెట్టారో అడగలేదు.

శని, ఆదివారాలు హాయిగా గడిచాయి. జనం వస్తూనే ఉన్నారు, చేతులు జోడించి నిలబడి వెళ్ళిపోతున్నారు. డాక్టరు చెబితే ఆగని చేతులు, చెప్పకుండానే వెనక్కి కట్టుకుని ఉన్నాయి. నూరీ గడ్డి నమిలింది, నీళ్ళు తాగింది, ఈగలు తోలుకుంది. దాని డొక్కకి చెవి ఆనిస్తే మాధురికి కాలవ పారుతున్న చప్పుడు వినిపించింది. ఆదివారం మధ్యాహ్నం ఆమె గట్టు మీద కూర్చుని, చాలా రోజుల తర్వాత, కారణం లేకుండా జడ వేసుకుంది.

సాయంత్రం గాలి తిరిగింది. ఎదురింటి నుంచి ఉడుకుతున్న ఉలవల వాసన. కాసేపటికి పక్కింటి నుంచి. తర్వాత వీధి మొత్తం నుంచి.

"ఉలవచారా పిన్నీ?" అని గేటు దగ్గర అడిగింది.

"చారెందుకే," అంది కోటిరత్నం మెరిసే మొహంతో. "రేపు హుస్సేన్ వస్తున్నాడు, మొక్కు తీరుతుంది. తీరాక నోరు తెరిపించాలా వద్దా? ఇంటికొక శేరు అనుకున్నాం. అన్నీ కలిపి నలభై ఇళ్ళు."

మాధురి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద పెళ్ళిళ్ళకి తీసే గుండిగ ఉంది. వెంకటేశ్వరమ్మ అందులో రెండు చేతులతో తెడ్డు తిప్పుతోంది.

మాధురి మీరా హుస్సేన్‌కి ఫోన్ చేసింది. ఏడుసార్లు మోగింది. ఏడుసార్లూ ఎత్తలేదు. నల్లద్దాల్లోంచి ఎవరు చేస్తున్నదీ కనబడక ఆయన ఫోను ఎత్తడం మానేశాడని తర్వాత తెలిసింది. నలభై శేర్లు. రెండు బక్కెట్లకే పడిపోయిన జీవం. ఇప్పుడు అబద్ధం చెప్పానంటే, పెట్టడం మానరు సరికదా, ఇప్పుడే పెడతారు.

సోమవారం పదింటికి గేటు నుంచి కొట్టం దాకా గిన్నెలు బారులు తీరి ఉన్నాయి. స్టీలువి, ఇత్తడివి, ఒక ప్రెషర్ కుక్కరు. కొన్నిటికి పసుపు, కుంకుమ. నూరీ ఆ వాసనకి కట్టుకొయ్య చుట్టూ తిరుగుతోంది. మాధురి పగ్గానికి మూడో ముడి వేసి, గుర్రానికీ గిన్నెలకీ మధ్య నిలబడింది.

ఆటో ఆగింది. నల్లద్దాల మీరా హుస్సేన్ దిగాడు. మాధురి అడుగు వేసేలోపే పేరయ్య ఎదురెళ్ళి కావలించుకున్నాడు.

"కనపడుతుందా?"

"కనపడుతుందన్నా. నీ తలలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ఎక్కువ లేవులే."

"మొక్కు ఫలించింది!" అని అరిచింది కోటిరత్నం.

మీరా హుస్సేన్ ఆగాడు. అద్దాలు తీశాడు. గిన్నెలను చూశాడు, ఈ చివర నుంచి ఆ చివర దాకా. జనాన్ని చూశాడు. మాధురిని చూశాడు.

"అదే బాబాయ్," అంది మాధురి. "మీరు మొక్కుకున్నారుగా. మీకు చూపొచ్చేదాకా నూరీ గడ్డీ, డబ్బాడు మేతా తప్ప ఏమీ ముట్టదని."

ఆయన గిన్నెల మధ్యగా నడిచి గుర్రం దగ్గరికి వెళ్ళాడు. వంగబోయి, డాక్టరు మాట గుర్తొచ్చి, మెల్లగా గొంతుక్కూర్చుని, నాలుగు గిట్టల మీదా అరచెయ్యి ఆనించి వేడి చూశాడు. లేచి డొక్కకి చెవి పెట్టాడు. మూలనున్న పేడ చూశాడు. స్తంభం మీద కాయితం దగ్గర నిలబడి, కొత్త కన్నుతో అక్షరం అక్షరం చదివాడు. తర్వాత మాధురి పక్కకి వచ్చి, ఆమెకి మాత్రమే వినబడేలా అడిగాడు.

"ఏ రోజు ఎక్కువ పడింది?"

"గురువారం."

"ఎవరు నడిపించారు?"

"నేనే బాబాయ్. నేను మాట నిలబెట్టుకోలేకపోయాను."

ఆయన ఆమె పాదాల వంక చూశాడు. జనం వైపు తిరిగాడు.

"మొక్కంటే మాటలు కాదు, దానికో పద్ధతుంది," అన్నాడు గట్టిగా. "ముందు దువా. ఆ తర్వాత ఒక్కో గిన్నె గుర్రానికి చూపించాలి. దాని ఊపిరి తగిలిందా, ఇక అది మేత కాదు. మీ లెక్కలో ప్రసాదం. ప్రసాదం ఎవరు తినాలి?"

"మనం," అన్నారు ఎవరో, అనుమానంగా.

"తెచ్చినవాళ్ళే, ఇంటిల్లిపాదీ. పశువుకి పెట్టకూడదు, పారబొయ్యకూడదు. ఇవాళే అవగొట్టాలి."

ఆయన చేతులు ఎత్తి కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. పద్ధతి సంగతి ఏమోగాని, ఆ ప్రార్థన మాత్రం నిజమేనని మాధురికి అనిపించింది. కళ్ళు తెరిచి తన గుర్రాన్ని చూసినప్పుడు ఆయన చెక్కిలి మీద తడి ఉంది.

నలభై గిన్నెలూ నూరీ ముక్కు ముందు నుంచి వెళ్ళాయి. పగ్గం మాధురి చేతిలోనే ఉంది. ఒక్కో గిన్నె వచ్చినప్పుడు గుర్రం మెడ చాచింది, గిన్నె వెళ్ళిపోయింది. అంత అన్యాయం దానికి అంతకుముందు జరిగి ఉండదు.

గుర్రానికని వండిన ఉలవల్లో ఉప్పు లేదు, పోపు లేదు. శేరు శేరే. మొహమాటానికి ఒక ముద్ద తిని లేద్దామనుకున్నవాళ్ళని పక్కవాళ్ళు లేవనివ్వలేదు. పేరయ్య అరుగు మీద కూర్చుని గిన్నె మొత్తం తిన్నాడు, ఇంటి పరువు కదా. మూడింటికి ఎండ కొంచెం తగ్గగానే ఒక్కొక్కళ్ళే బయటికి వచ్చారు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఎవరితో ఎవరూ మాట్లాడకుండా, వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచారు. కోటిరత్నం నాలుగు చుట్లు తిరిగింది. అప్పటికే మీరా హుస్సేన్ గుర్రాన్ని, పీపాని, తాళాన్ని తీసుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ, "పెళ్ళినాటికి కళకళలాడుతుందిలే తల్లీ," అన్నాడు మాధురితో. పేరయ్య అది తనకి చెప్పిన మాటగా తీసుకుని తల ఊపాడు.

నూతి దగ్గర అత్తాకోడళ్ళు గుండిగ తోముతున్నారు. వెంకటేశ్వరమ్మ కొబ్బరిపీచుతో అడుగు రుద్దుతూ, తల ఎత్తకుండా అంది.

"దర్గాకి మొక్కేవాళ్ళు చాదరు మొక్కుతారు. మలీదా మొక్కుతారు. గుర్రాన్ని పస్తు పెడతానని మొక్కినవాణ్ణి నేను చూళ్ళేదు."

మాధురి చేతిలో చెంబు ఆగింది. "ఎప్పుడు తెలిసిందత్తయ్యా?"

"కోటిరత్నం చేతిలో ముద్ద ఆగినప్పుడే. గదిలోంచి చూస్తున్నా."

"మరి అప్పుడే అనలేదేం?"

"అంటే నువ్వు ఓడిపోతావు. అది చస్తది." వెంకటేశ్వరమ్మ నీళ్ళు పోయమని సైగ చేసింది. "నా చెయ్యి నా మాట వినదే. పెట్టొద్దని మనసులో అనుకుంటూనే రెండో బక్కెట ఎత్తింది. అది గీకుతుంటే కాళ్ళు చచ్చిపోయినయ్యి నాకు. నువ్వు లాక్కెళ్ళావు."

వీధిలో పేరయ్య మూడో చుట్టు తిరుగుతూ ఎవరితోనో దర్గా మహిమ చెబుతున్నాడు.

"మీ మావయ్యగారికి షుగరు మూడొందలుంది," అంది వెంకటేశ్వరమ్మ. "డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. ఎవరితోనూ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. ఆయన గిన్నె చాస్తాడు, నేను వేస్తాను. తీపి లేకపోతే అన్నం దిగదంటాడు." ఆవిడ గుండిగని బోర్లించి, తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని, మొదటిసారి కోడలి మొహంలోకి చూసింది. "ఏదన్నా ఒకటి చూడవే అమ్మాయ్. కోటప్పకొండకన్నా సరే, దర్గాకన్నా సరే."

మాధురి నవ్వు ఆపుకోవడానికి చెంబు కడగడం మొదలుపెట్టింది. "ఎన్నాళ్ళకత్తయ్యా? మండలమా, ఏడాదా?"

వెంకటేశ్వరమ్మ ఆలోచించింది. వీధి వైపు చూసింది. నడుస్తున్న జనాన్ని, వాళ్ళ చేతులను చూసింది.

"తీరే మొక్కు మాత్రం వద్దు," అంది. "తీరిందంటే ఇంటికొక శేరు పాయసం దిగుద్ది."